చావని అల్లుడుగారు

మా శిక్షణ కేంద్రంలో మంచం మీద పడుకుని ఉండే ప్లాస్టిక్ మనిషికి అల్లుడుగారని పేరు పెట్టింది నేనే. వచ్చిన దగ్గర్నుంచీ కాలు కింద పెట్టడు, చెయ్యి కదపడు. చుట్టూ అందరూ పరుగులు పెట్టాలి, కాస్త ఆలస్యమైతే మూలుగు. కొత్త అల్లుడు కాక మరేమిటి? అంబులెన్సుల్లో పనికి వెళ్లే ముందు మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి ఆ పేరు తెగ నచ్చింది. "అల్లుడుగారికి ఊపిరందట్లేదు", "అల్లుడుగారి నాడి పడిపోతోంది" అని రోజంతా అరుస్తూ ఉంటారు. నర్సు ఉద్యోగంలో తల పండిన దాన్ని, నాకు ఆ అరుపులతోనే సగం ఓపిక పోతుంది. మిగతా సగం వాళ్లు పారేసిన దూదీ సూదులూ ఏరడంతో పోతుంది.

అల్లుడుగారి గుండె, ఊపిరి, మూలుగు అన్నీ గోడకున్న నల్లటి అద్దం వెనక గదిలోంచి నడుస్తాయి. అక్కడ కూర్చునేది మా ఆయన. ఆయనకి మేము కనిపిస్తాం, మా మాటలూ వినిపిస్తాయి, మాకు ఆయన కనిపించరు. అక్కడ మీట తిప్పితే ఇక్కడ ఛాతీ లేస్తుంది, పడుతుంది. అక్కడ మైకులో "అమ్మా, నొప్పి" అంటే ఇక్కడ ప్లాస్టిక్ నోట్లోంచి వస్తుంది. ఇంట్లో పది మాటలడిగితే ఒకదానికి జవాబివ్వరు, అక్కడ మాత్రం మూలగడానికి జీతం తీసుకుంటారని ఆయన్ని ఎగతాళి చేస్తుంటాను. దానికీ జవాబివ్వరు.

అల్లుడుగారు రాకముందు ఆయన్ని అందరూ గొర్రెల డాక్టరు అనేవారు. ఆయన చదివింది పశువైద్యం. అప్పట్లో ఛాతీలో గొట్టం పెట్టడం, గొంతుకి రంధ్రం చేసి ఊపిరి ఇవ్వడం, తెగిన రక్తనాళాన్ని పట్టుకోవడం, అన్నీ బతికున్న గొర్రెల మీదే నేర్పేవాళ్లం. పొద్దున్నే ఆయనే వెనకున్న షెడ్డుకి వెళ్లి గొర్రెని తీసుకొచ్చేవారు. వేరేవాళ్లు లాక్కొస్తే బెదిరిపోయేది. ఆయన వెనకాల మాత్రం దానంతటదే నడిచి వచ్చేది. మెడ దగ్గర ఉన్ని గొరిగి మత్తు ఇచ్చి, పాఠం అయ్యేదాకా తల దగ్గరే కూర్చునేవారు. పాఠం అయ్యాక పిల్లలు చేతులు కడుక్కుని టీకి వెళ్లేవారు. అప్పుడు ఆయన ఇంకో సూది ఇచ్చేవారు. కోసిన ఒంటితో దాన్ని మత్తులోంచి లేపడం చంపడంకన్నా పాపం కాబట్టి ఏ గొర్రెనూ లేవనివ్వకూడదు. పిల్లలు బాగా చేసినా సరే, చెడగొట్టినా సరే, సాయంత్రానికి షెడ్డులో ఒకటి తగ్గేది.

ఆ రోజుల్లో ఆయన చొక్కాలు ఎంత నానబెట్టి ఉతికినా ఉన్ని వాసన, స్పిరిట్ వాసన వదిలేవి కావు. నేను విసుక్కునేదాన్ని. ఆయన వాటిని విడిగా ఒక బకెట్లో వేసుకుని తనే ఉతుక్కోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక ఏడాది ప్లాస్టిక్ మనిషితో నేర్పి చూడండి, ఫలితాలు బాగుంటే గొర్రెల షెడ్డు మూసేయండి, లేకపోతే మళ్లీ ఆలోచిద్దాం అని. మా కేంద్రానికి పెద్ద అయిన డాక్టరమ్మ సంతోషించింది. ఆవిడకి ముందు ఆ కుర్చీలో కూర్చుని రిటైరయిన సర్జన్ మాత్రం ఒప్పుకోలేదు. మేమంతా చాటుగా పాతకత్తి అనేది ఆయన్నే. వేడి రక్తం చేతికి తగలని చదువు చదువు కాదని, బొమ్మలాటతో డాక్టర్లు తయారుకారని సమావేశాల్లో బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. ఏడాది చివర పరీక్ష చూసి నిర్ణయం చెప్పే కమిటీలో ఆయన్ని కూడా వేశారు. షెడ్డు కడిగి తాళం వేసి ఉంచారు. ఆ తాళం చెవి మా ఆయన దగ్గరే ఉండేది.

ఫలితాలు బాగుండటం కాదు, దివ్యంగా ఉన్నాయి. వచ్చిన పిల్లలంతా పాసు. ఏడాదిలో అల్లుడుగారు ఒక్కసారి కూడా చావలేదు. ఎందుకు చావలేదని నేనూ అడగలేదు. మనిషి చస్తే కారణం వెతుకుతాం గానీ బతికితే ఎవరు వెతుకుతారు?

చివరి జట్టులో మా అన్నయ్య కూతురు వచ్చింది. శిక్షణ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. చురుకైన పిల్ల, చేతులు మెరుపులు. జట్టులో దాన్ని రైలు అనేవారు. ఏ పని చెప్పినా మిగతావాళ్లు గ్లౌజులు తొడుక్కునేలోపు అయిపోయేది. మేనత్తని కదా, నాకు లోలోపల గర్వంగానే ఉండేది. పైకి మాత్రం నెమ్మది, నెమ్మది అని కసిరేదాన్ని.

పరీక్షకి వారం ముందు సాధన చేయిస్తున్నాను. బండి మీంచి పడ్డ మనిషి, ఛాతీకి దెబ్బ. ఊపిరితిత్తి చిరిగి, గాలి బయటికి పోయే దారి లేక లోపలే ఒక పక్కన పేరుకుపోతుంది. అది గుండెని నొక్కేస్తుంది. ఏ పక్క ఊపిరి వినిపించడం లేదో స్టెతస్కోపుతో రెండు పక్కలా విని, ఆ పక్కన పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి వదిలేయాలి. ఆ రోజు గాలిని ఎడమ పక్క పెట్టమని మా ఆయనకి నేనే చెప్పాను. మా రైలు వచ్చింది, మంచం పక్కన తెర మీద నాడి అంకెలు చూసింది, స్టెతస్కోపు మెళ్లో ఉండగానే కుడి పక్కన సూది దింపేసింది.

నేను నోరు తెరిచేలోపు అల్లుడుగారు కోలుకున్నాడు. ఛాతీ చక్కగా లేచింది, అంకెలు పైకి వచ్చాయి. "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అని కూడా అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నల్లటి అద్దం వైపు చూశాను. అందులో నా మొహమే కనిపించింది.

అందరూ వెళ్లాక అల్లుడుగారి చొక్కా తీశాను. ఛాతీకి రెండు పక్కలా సూది గుచ్చే చోట రబ్బరు చర్మం ముక్కలు ఉంటాయి, పాడైతే మార్చుకోవచ్చు. కుడి ముక్క జల్లెడ అయిపోయి ఉంది. అందరూ మంచానికి కుడి పక్కనే నిలబడతారు కాబట్టి అటే ఎక్కువ పాడవుతుందనుకుని నేను ఎన్నిసార్లో మార్చాను కూడా. ఎడమ ముక్క మాత్రం కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క పోటు లేదు. ఏడాదిలో ఎన్ని జట్లు, ఎంతమంది పిల్లలు! గాలి ఎడమ పక్క పెట్టమని నేను చెప్పిన రోజులు ఎన్నో ఉన్నాయి, వాడు కోలుకోగానే ఏ పక్క గుచ్చారో చూడకుండా తర్వాతివాళ్లని పిలిచేదాన్ని. అంటే తప్పు పక్క గుచ్చిన ప్రతిసారీ అద్దం వెనకనుంచి వాడిని బతికిస్తూనే ఉన్నారు.

ఇంటికి వెళ్లాక మేనకోడల్ని ముందు అడిగాను, కుడి పక్కే ఎందుకు గుచ్చావని. అది నవ్వింది.

"చోటు వెతుక్కోనక్కర్లేదు అత్తయ్యా, పాత పోట్లు కనిపిస్తాయిగా. అందరం అక్కడే గుచ్చుతాం."

"రోడ్డు మీద పడ్డవాడి ఒంటి మీద పాత పోట్లు ఉంటాయా?"

"అప్పుడు చూసుకుంటాంలే. ఇన్నిసార్లలో అల్లుడుగారు ఒక్కసారైనా పోయాడా?"

రెండు పక్కలా వినాలని మళ్లీ మళ్లీ చెప్పాను. అది సరే సరే అంటూ తల దువ్వుకుంది. బతికున్నవాడిని చూపించి వాడు చస్తాడని చెబితే ఎవరు నమ్ముతారు?

మా ఆయన వరండాలో బూట్లు తుడుచుకుంటున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అడగనక్కర్లేకపోయింది, నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

"మొదటిసారి ఒక కుర్రాడు తప్పు పక్క గుచ్చాడు" అన్నారు. "వాడు ఇంకో సూది కోసం తడుముకుంటున్నాడు. అంకెలు పడిపోతున్నాయి. నా చేతిలో మీట ఉంది. అన్నేళ్లూ నా చేతికి ఒక్క పనే తెలుసు కదా. ఇన్నాళ్లకి బతికించే మీట ఇచ్చారు. తిప్పేశాను."

ఆ తర్వాత ఆగడం చేతకాలేదట. పైగా పాతకత్తి మాటలు చెవిలో మోగుతూనే ఉన్నాయి. పిల్లలు తప్పుతుంటే, చూశారా బొమ్మతో చదువు రాదని, మళ్లీ షెడ్డు తెరవమంటారు. తెరిస్తే పొద్దున్నే వెళ్లి తీసుకురావలసింది ఆయనే. ఇదంతా ఆయన ముక్కలు ముక్కలుగా, బూటుతో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"అవి నా వెనకాల నడిచి వచ్చేవే" అన్నారు చివర.

నాకు జాలేసింది. కోపం కూడా తగ్గలేదు, రెండూ ఒకేసారి ఉండొచ్చని పెళ్లయిన ఆడవాళ్లందరికీ తెలుసు. గొర్రెల్ని తప్పించడానికి మనుషుల్ని బలిపెడతారా అని అడిగాను. ఈ పిల్లలు రేపు అంబులెన్సు దిగి ఎవరి బిడ్డకో కుడి పక్క సూది గుచ్చితే, అప్పుడు అద్దం వెనక మీరుంటారా అని అడిగాను. గొంతు పెద్దది కాకుండా అడగడానికి చాలా కష్టపడ్డాను. లోపల మేనకోడలు ఏదో పాట పాడుకుంటోంది.

"పరీక్షలో దాన్ని వదిలెయ్యండి. అది బతికిస్తే బతుకుతుంది, లేకపోతే లేదు."

"మన పిల్లే."

"మన పిల్ల కాబట్టే."

ఆయన బూటు కింద పెట్టారు. ఆ వారమంతా మా ఇంట్లో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూడకుండా భోజనం చేశాం.

పరీక్ష రోజు పొద్దున్నే ముందుగా వెళ్లి అల్లుడుగారికి రెండు చర్మం ముక్కలూ కొత్తవి వేశాను. ఎక్కడా ఒక పోటు లేదు, నున్నగా ఉన్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నా సొంత పిల్ల గొంతు నేనే కోస్తున్నట్టు అనిపించింది. అన్నయ్య దాన్ని నా చేతిలో పెట్టి పంపాడు. అయినా వేశాను.

కమిటీ గోడ వెంట కుర్చీల్లో కూర్చుంది. డాక్టరమ్మ, పైనుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, ఒక పక్కగా చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని పాతకత్తి. ఏ కేసు ఇవ్వాలో డాక్టరమ్మే నిర్ణయించింది. బండి మీంచి పడ్డ మనిషి, ఎడమ పక్కన గాలి. అద్దం పైన చిన్న ఎర్ర దీపం వెలిగింది, అంటే ఆయన సిద్ధం. మా రైలుని మొదట పిలిచారు.

వచ్చింది, చొక్కా కత్తిరించింది, ఒక్క క్షణం ఆగింది. చూపు కుడి పక్కన పోట్ల కోసం వెతికింది. అవి లేవు. దాని మొహంలో కంగారు నేను తప్ప ఎవరూ కనిపెట్టి ఉండరు. స్టెతస్కోపు చేతిలోకి తీసుకుంది కూడా. ఆనించు తల్లీ, ఆనించు అని లోపల మొక్కుకున్నాను. ఇంతలో అంకెలు పడిపోయి తెర కూత పెట్టింది. పాత అలవాటు దాని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. సూది కుడి పక్కనే దిగింది.

అల్లుడుగారు కోలుకోలేదు.

అది కాసేపు ఎదురుచూసింది. సూది సర్దింది. ఇంకోటి గుచ్చింది, మళ్లీ కుడి పక్కనే. అల్లుడుగారి మూలుగు సన్నగిల్లింది, ఆగిపోయింది. ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది, జుట్టు మొహాన పడుతోంది. నొక్కుతూ నొక్కుతూ తలెత్తి నల్లటి అద్దం వైపు చూసింది. నోరు తెరవలేదు గానీ ఆ చూపు మామయ్యా అనే అంది. ఆ అద్దం వెనక ఆయన చెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన్ని ఆ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

తెర మీద గీత చదునైంది. ఒకే మోత, ఆగకుండా. నేను వెళ్లి ఆపాను.

మొదట నోరు విప్పింది పాతకత్తే. "ఎందుకు పోయాడు? మీ బొమ్మ చెడిపోయిందా?" అని అడిగాడు.

జవాబు మంచం మీంచి వచ్చింది. మా ఆయన మైకుని బొమ్మ నోటినుంచి గది స్పీకరుకి మార్చడం మర్చిపోయారు. ఆయన మాట చచ్చిపోయిన అల్లుడుగారి నోట్లోంచి వినిపించింది.

"బొమ్మ బాగానే ఉందండీ. గాలి ఎడమ పక్క ఉంది. సూది కుడి పక్క గుచ్చారు."

అధికారుల్లో ఒకాయన నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నాడు. పాతకత్తి కర్ర నేల మీద తాటించి, అదే గొర్రె అయితే వేలి కిందే తెలిసేది అన్నాడు.

"గొర్రె అయితే ఏ పక్క గుచ్చినా నేనే చంపేవాణ్ణండీ" అన్నాడు అల్లుడుగారు. "తప్పు చేసినవాళ్లు, ఒప్పు చేసినవాళ్లు కలిసే టీకి వెళ్లేవారు. ఎవరి చేతిలో ఏది పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. మీరున్నప్పుడూ అంతే." కాస్త ఆగి మళ్లీ వినిపించింది. "ఈ ఏడాది పాసైనవాళ్లకీ తెలియదు. తప్పు చేసినప్పుడల్లా మీట తిప్పి నేనే బతికించాను. అది బొమ్మ తప్పు కాదు, నాది. వాళ్లందర్నీ మళ్లీ పిలవండి."

ఎర్ర దీపం ఆరిపోయింది. డాక్టరమ్మ ఒళ్లో ఉన్న ఫలితాల ఫైలు మూసి కుర్చీ కింద పెట్టింది. ఏడాదిగా ఎక్కడికి వెళ్లినా ఆ ఫలితాల గురించే చెప్పుకున్న మనిషి. పాతకత్తి ఇంకేమైనా అంటాడేమో అనుకున్నాను. ఆయన మంచం వైపే చూస్తూ కూర్చున్నాడు. తన చేతి కింద ఎన్ని గొర్రెలు పోయాయో గుర్తుకొచ్చి ఉంటుందని నేననుకుంటాను. కాళ్లనొప్పి కూడా అయి ఉండొచ్చు.

ఆ రోజు తెమలలేదు. పోట్లాటలు అయ్యాయి, సంజాయిషీలు అయ్యాయి. చివరికి తేలిందేమిటంటే, గొర్రెలు వద్దు, షెడ్డు గ్యాస్ సిలిండర్లకి ఇచ్చేయాలి. అద్దం వెనక మా ఆయన పక్కన ఇకమీదట ఇంకొకరు కూర్చోవాలి. ఏడాదిగా పాసైనవాళ్లందర్నీ జట్లు జట్లుగా వెనక్కి పిలిచి మళ్లీ నేర్పి పరీక్ష పెట్టాలి. అంటే చాకిరీ అంతా మళ్లీ మొదటికి వచ్చింది, అందులో సగం నా నెత్తిన. మేనకోడలు ఫెయిల్. ఇంకో విడత శిక్షణ అయితే గానీ అంబులెన్సు ఎక్కనివ్వరు.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. ఊళ్లోవాళ్ల పిల్లలందర్నీ పాసు చేసిన మనిషికి సొంత మేనకోడలి దగ్గరే నీతి గుర్తొచ్చిందా అని కడిగేశాడు. కొత్త చర్మం వేసింది నేనేనని చెప్పాను. వాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడు మాట్లాడతాడో తెలియదు, ముందు నాకు మాట్లాడే ఓపిక రావాలి.

పిల్ల కేంద్రం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గది తలుపు వేసుకుంది. నేను రెండుసార్లు తట్టి, పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. మా ఆయన బూట్లయినా విప్పకుండా కుర్చీలో వాలి, అలాగే నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక్క రోజులో పదేళ్లు పైబడ్డట్టు కనిపించారు. షెడ్డు తాళం చెవి ఇంకా చొక్కా జేబులోనే ఉంది, రేపు ఇచ్చేయాలి.

నేను బట్టలు మడతపెడుతుంటే తలుపు చప్పుడైంది. పిల్ల వచ్చి ఆయన ముందు నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏదో ఒక మాట అంటుందని, అనాలని కూడా నేను ఎదురుచూశాను. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెళ్లో స్టెతస్కోపు తీసి చెవులకి పెట్టుకుంది. దాని చెయ్యి అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఛాతీకి కుడి పక్కన ఆనించి, కళ్లు మూసుకుని వినసాగింది.

ఆ చల్లదనానికి ఆయనకి మెలకువ వచ్చింది. కళ్లు తెరవకుండానే, "బతికే ఉన్నానమ్మా, వెళ్లి తిను" అన్నారు.

"ఉండండి మామయ్యా" అంది అది. "ఇంకో పక్క వినలేదు."